ఎంక్వయిరీకి ఏజెంట్, రేటుకి యజమాని

తాడిపత్రి, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల బండల వ్యాపారమంటే ఒకప్పుడు మనిషి వచ్చి చూసి, గోటితో గీకి, బేరమాడి, లారీ ఎత్తించుకుపోవడమే. ఇప్పటికీ అలా వచ్చేవాళ్లున్నారు. కానీ బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఇల్లు కట్టేవాడు ముందు ఫోన్ తీస్తాడు. ఇండియామార్ట్‌లో ‘నాపరాళ్లు’ అని వెతికి, నాలుగు ముక్కలు కొట్టి వదిలేస్తాడు. దాన్నే వ్యాపార భాషలో లీడ్ అంటారు, మన ఫ్యాక్టరీల్లో ఎంక్వయిరీ అంటారు. ఎవరు అడిగారు, ఏం అడిగారు, మనమేం చెప్పాం, బేరం ఎక్కడ ఆగింది అని రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ లీడ్ ట్రాకర్. ఈ ట్రాకర్‌కి ఏఐ ఏజెంట్‌ను కలిపితే జవాబులు అదే ఇచ్చేస్తుందని చెప్పి అమ్మేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. అందులో నిజమెంతో అంకెలతో చూద్దాం.

లెక్క కోసం కడప జిల్లా కొండాపురంలో నెలకి 300 ఎంక్వయిరీలు వచ్చే పాలిష్ ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకుందాం. ఫ్యాక్టరీ, ఆ 300 రెండూ ఊహే.

ఏజెంట్ అవసరమే లేదనేవాళ్లు ముందు ఈ అంకెలు చూడాలి. 2011 మార్చిలో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక పరిశీలన వచ్చింది. 2,241 అమెరికన్ కంపెనీలకు వెబ్‌లో ఎంక్వయిరీ పెట్టి, ఎప్పుడు పలుకుతారో చూశారు. గంటలోపు పలికినవి 37 శాతం. ఒక రోజులోపు 16 శాతం, రోజు దాటాక 24 శాతం. మిగిలిన 23 శాతం అసలు పలకనే లేదు. నెలలోపు పలికినవాళ్ల సగటు ఆలస్యం 42 గంటలు. గంటలోపు మాట కలిపినవాళ్లకు, ఇంకో గంట ఆగినవాళ్లకన్నా అసలు కొనుగోలుదారుతో పనికొచ్చే సంభాషణ జరిగే అవకాశం దాదాపు 7 రెట్లు ఎక్కువని కూడా తేల్చారు.

ఈ 7 రెట్లను సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు మంత్రంలా జపిస్తారు. నాకు అంత నమ్మకం లేదు. త్వరగా పలికే కంపెనీలో మిగతా పనులు కూడా పద్ధతిగానే జరుగుతుండొచ్చు, గెలుపంతా వేగం ఖాతాలో వేయలేం. అయినా ఇండియామార్ట్ లాంటి చోట ఒకే ఎంక్వయిరీ పలువురు అమ్మకందారులకు అందుతుంది కాబట్టి ముందు పలికినవాడికి మొగ్గు ఉంటుందన్నది కాదనలేం. రాత్రి పదిన్నరకు వచ్చిన ఎంక్వయిరీకి గుమాస్తా పొద్దున పదింటికి పలికితే మధ్యలో పదకొండున్నర గంటలు పోయినట్టే.

ఇక కలపడం ఎలా జరుగుతుందో చూద్దాం. ఇండియామార్ట్ తన ఎంక్వయిరీలను బయటి ట్రాకర్లు లాక్కోవడానికి ఏపీఐ అనే తలుపు పెట్టింది. ఆ తలుపు 5 నిమిషాలకోసారి మాత్రమే తట్టాలని నియమం. అంటే రోజుకి 288 సార్లు. ఎంక్వయిరీ వచ్చాక మన ట్రాకర్‌లో పడటానికి పట్టే ఆలస్యం 5 నిమిషాలకు మించదు, సగటున రెండున్నర నిమిషాలు. ప్రతి ఎంక్వయిరీకీ ఒక విడి గుర్తింపు సంఖ్య ఉంటుంది, అదే ఎంక్వయిరీ రెండోసారి వస్తే దాన్నిబట్టి పట్టుకోవచ్చు. ఇంతవరకూ ఏఐతో పనిలేదు. సగం ఫ్యాక్టరీలకు ఇదొక్కటే చాలని నా అభిప్రాయం.

ట్రాకర్‌ను ఏజెంట్‌తో కలిపేది ఆ తర్వాతి మెట్టు. ఇంతకుముందు ప్రతి ఏఐకీ ప్రతి సర్వీసుకీ విడివిడిగా వంతెన కట్టాల్సి వచ్చేది. 5 ఏఐలు, 10 సర్వీసులుంటే 50 వంతెనలు. 2024 నవంబర్ 25న ఆంత్రోపిక్ కంపెనీ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, పొట్టిగా ఎంసీపీ, అనే ఉమ్మడి పద్ధతిని విడుదల చేసింది. ప్రతి పక్షమూ ఒక్కసారి దానికి తగ్గట్టు తయారైతే చాలు, 50 కాస్తా 15 అవుతుంది. 2025 మార్చిలో ఓపెన్ఏఐ కూడా దీన్నే ఒప్పుకుంది, డిసెంబర్‌లో ఇది లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి చేరింది. ఈ పద్ధతిలో ట్రాకర్ తన దగ్గరున్న పనిముట్ల జాబితాను ఏజెంట్‌కి ఇస్తుంది: లీడ్ వెతుకు, లీడ్ చదువు, నోట్ రాయి, స్థితి మార్చు. ఏ సందర్భంలో ఏది వాడాలో ఏజెంట్ ఎంచుకుంటుంది. ఆ జాబితాలో ఏవి ఉండాలో తేల్చాల్సింది మాత్రం యజమానే.

ఖర్చు సంగతికొస్తే, ఏఐ మన మాటల్ని టోకెన్లుగా ముక్కలు చేసి చదువుతుంది, బిల్లు ముక్కలకే. తెలుగుకి ఈ ముక్కలు ఎక్కువ పడతాయి. 2024 మేలో జీపీటీ-4ఓ అనే ఏఐ మోడల్ విడుదల చేస్తూ ఓపెన్ఏఐ చూపిన ఉదాహరణలో ఒక తెలుగు పాఠానికి పాత పద్ధతిలో 159 టోకెన్లు, కొత్త పద్ధతిలో 45. అదే పాఠం ఇంగ్లీషులో 27 నుంచి 24కి తగ్గింది. దాదాపు ఆరు రెట్లున్న తేడా రెండు రెట్ల లోపుకి వచ్చింది. ఒక ఎంక్వయిరీకి 10,000 టోకెన్లు పడతాయనుకున్నా నెలకి 30 లక్షలు. వాటిలో పదో వంతు ఏజెంట్ రాసేవనుకుంటే, 2024 జులైలో జీపీటీ-4ఓ మినీ విడుదలైనప్పటి ధరల్లో మొత్తం 60 సెంట్ల లోపే, మన డబ్బుల్లో సుమారు 50 రూపాయలు. అదే పనికి తయారుగా దొరికే సేవ కొంటే లెక్క మారిపోతుంది. ఇలాంటి ట్రాకర్లు అమ్మే సేల్స్‌ఫోర్స్ కంపెనీ తన ఏఐ ఏజెంట్ సేవ ఏజెంట్‌ఫోర్స్‌కి 2024లో మొదట పెట్టిన ధర సంభాషణకు 2 డాలర్లు. 300కి 600 డాలర్లు, సుమారు 50 వేల రూపాయలు. ఒకటి పిండి, రెండోది వడ్డించిన రొట్టె కాబట్టి రెండిటినీ నేరుగా పోల్చకూడదు, నిజమే. కానీ మధ్యనున్న వెయ్యి రెట్లు దేనికో అమ్మేవాణ్ణి అడగడం తప్పుకాదు.

అసలు చిక్కు డబ్బు దగ్గర లేదు. ఒక ఎంక్వయిరీ తీసుకుని చూద్దాం: ‘నాపా 20 ఎంఎం, 4000 అడుగులు, కొండాపూర్ డెలివరీ, రేటెంత?’ ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసిన ఈ కొండాపూర్ హైదరాబాద్‌లో ఐటీ వాళ్లుండే కొండాపూర్ కావచ్చు. నెల్లూరు జిల్లాలో కొండాపురం మండలం ఉంది, అదీ కావచ్చు. మన కొండాపురమే కూడా కావచ్చు, అప్పుడు లారీ బాడుగ దాదాపు లేనట్టే. గుమాస్తాకి అనుమానం వస్తే ఫోన్ చేస్తాడు. ఏజెంట్ ఏదో ఒకటి అనుకుని రేటు కట్టేయొచ్చు. అలాగే ప్రొద్దుటూరు వేరు, గండికోట జలాశయం ముంపులో పునరావాస కాలనీకి మారిన తాళ్లప్రొద్దుటూరు వేరు. పేరులో సగం కలిసిందని ఏజెంట్ ఇద్దరు కొనుగోలుదారులను ఒక్కరిగా కలిపేస్తే ఆ తప్పు నెలల తరబడి బయటపడదు. దీనికి మందు తేలికే: పిన్ కోడ్ లేకుండా రేటు కట్టకూడదు. మొదటి మూడంకెలు 516 అయితే కడప వైపు, 524 అయితే నెల్లూరు, 500 అయితే హైదరాబాద్.

ఈ ఒక్క ఎంక్వయిరీని చివరిదాకా నడపాలంటే ఏజెంట్ చదవాలి, పాతదో కొత్తదో చూడాలి, ఊరు తేల్చాలి, సరుకు ఉందో చూడాలి, బాడుగ వేయాలి, రేటు కట్టాలి, జవాబు రాయాలి, పంపాలి, స్థితి మార్చాలి, మళ్లీ ఎప్పుడు పలకరించాలో గుర్తు పెట్టాలి. మొత్తం పది మెట్లు. ఒక్కో మెట్టులో 95 శాతం సరిగ్గా చేస్తుందనుకుంటే పదీ సరిగ్గా జరిగే అవకాశం 60 శాతమే. 99 శాతమైనా 90 దగ్గరే ఆగుతుంది. పరీక్షల్లో తేలిందీ ఇంచుమించు ఇదే. సేల్స్‌ఫోర్స్ సొంత పరిశోధకులు 2025 మేలో సీఆర్ఎంఅరీనా-ప్రో అనే పరీక్ష పెట్టారు. ఒకే మాటలో తేలే పనుల్లో అగ్రశ్రేణి ఏజెంట్లు సుమారు 58 శాతం గెలిచాయి. మాట మీద మాట అడగాల్సి వస్తే 35కి పడిపోయాయి. ఏది గోప్యమో, ఏది చెప్పకూడదో అన్న ఎరుక దాదాపు సున్నా. మన బేరం ఒక్క మాటలో తెగదని వేరే చెప్పాలా?

అడుగుకి 5 రూపాయలు తక్కువ రాసి పంపిందనుకోండి. 4,000 అడుగులకు 20 వేలు పోతాయి. నెలకి 50 రూపాయల చొప్పున అది 33 ఏళ్ల టోకెన్ల బిల్లు.

తెలియక చేసిన తప్పులివి. కావాలని చేయించే తప్పులు ఇంకోరకం. ఎంక్వయిరీ అంటే బయటివాడు రాసిన రాత, ఏజెంట్ దాన్ని చదివి పని చేస్తుంది. వాడు ఎంక్వయిరీతోపాటు ఆదేశం కూడా రాసి పెడితే? 2025లో నోమా సెక్యూరిటీ అనే సంస్థ సరిగ్గా ఇదే చేసి చూపింది. సేల్స్‌ఫోర్స్ లీడ్ ఫారంలో వివరాల గడి 42,000 అక్షరాలు పడుతుంది, అందులో దొంగ ఆదేశాలు దాచారు. ఉద్యోగి ఎవరైనా ‘ఈ లీడ్ సంగతి చూడు’ అని ఏజెంట్‌ని అడిగిన క్షణంలో అది చెప్పిన పనీ చేసింది, మిగతా లీడ్ల వివరాలను బయటికీ పంపింది. ఆ పంపిన చిరునామా సేల్స్‌ఫోర్స్ నమ్మదగినవాటి జాబితాలోనే ఉంది, కాకపోతే గడువు తీరిపోయిన డొమైన్. పరిశోధకులు దాన్ని 5 డాలర్లకు కొన్నారు. ఈ లోపం తీవ్రతను పదికి 9.4గా లెక్కగట్టారు. సెప్టెంబర్ 8న సేల్స్‌ఫోర్స్ ఆ దారి మూసింది. అంతకు నెల ముందు, ఆగస్టులో, డ్రిఫ్ట్ అనే చాట్ ఏజెంట్‌కి ఇచ్చిన ప్రవేశ తాళాలు దొంగలకు చిక్కి 700కి పైగా సంస్థల సేల్స్‌ఫోర్స్ ఖాతాల్లోకి చొరబాటు జరిగింది. లోపలికి రావడానికి ఆ 700 సంస్థల పాస్‌వర్డులు కొట్టేయాల్సిన పనే పడలేదు. ఏజెంట్ చేతిలోని తాళాలే సరిపోయాయి.

చట్టం వైపు చూస్తే, కొనుగోలుదారు ఫోన్ నంబరు మన ట్రాకర్‌లో ఉందంటే 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనకూ వర్తిస్తుంది. తగిన రక్షణ పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చు. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైనవి అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. వాట్సాప్ పద్ధతి వేరు: కొనుగోలుదారు మెసేజ్ పెట్టిన 24 గంటల్లోపే బిజినెస్ ఖాతా నుంచి ఇష్టమొచ్చినట్టు జవాబివ్వొచ్చు, ఆ తర్వాత ముందే ఆమోదం పొందిన మూసలోనే రాయాలి.

ఇవన్నీ చూశాక ఆ ఫ్యాక్టరీకి నేనిచ్చే సలహా: మొదటి నాలుగు మెట్లు ఏజెంట్‌కి ఇవ్వండి. చదవడం, పాతదో కొత్తదో చూడటం, పిన్ కోడ్ లేకపోతే అడగడం, సరుకు ఉందో చూడటం. నాలుగు మెట్లకు 99 శాతం చొప్పున 96 నిలుస్తుంది. ‘మీ ఎంక్వయిరీ అందింది, డెలివరీ పిన్ కోడ్ చెప్పండి’ అన్న మాట రాత్రి పదిన్నరకే వెళ్లిపోతుంది, 42 గంటల జబ్బుకి అది చాలు. బాడుగ, రేటు ఏజెంట్ చిత్తు రాయొచ్చు, పంపే మీట మాత్రం యజమాని వేలి కిందే ఉండాలి. లీడ్ తుడిచేసే, జాబితా మొత్తం దించుకునే పనిముట్లు దాని జాబితాలో అసలు పెట్టొద్దు.

ఎప్పటిదాకా ఇలా అంటే, చిత్తులు లెక్కపెట్టుకోండి. వరుసగా 100 చిత్తుల్లో ఒక్క తప్పూ దొరకలేదనుకుందాం. అంతమాత్రాన తప్పు సున్నా అని కాదు. గణాంక శాస్త్రంలో మూడు సూత్రమని ఒకటుంది, దాని ప్రకారం అసలు తప్పుల రేటు ఇంకా 3 శాతం దాకా ఉండొచ్చు. 300 ఎంక్వయిరీలకు నెలకి 9. వరుసగా 300 చిత్తులు తప్పు లేకుండా దాటితే ఆ పైహద్దు ఒక శాతానికి, అంటే నెలకి 3కి దిగుతుంది. ఆ మూడూ పాతిక అడుగుల వంటగట్టు ఎంక్వయిరీలైతే పంపే మీట ఏజెంట్‌కి వదిలేయొచ్చు. లారీ లోడు ఎంక్వయిరీలకు ఆ సడలింపు ఇవ్వొద్దు.