ఆ వేషం మాకొద్దండీ!

వేసవి సెలవుల్లో అమలాపురంలో మా వీధి పిల్లల చేత చిన్న నాటిక వేయిద్దామనుకున్నాను. నత్తి ఉన్న ఓ అమ్మాయిని బళ్లో తోటివాళ్లు ఏడిపించడం, పుస్తకాల సంచీ కాలవలో పడేస్తామని బెదిరించడం... ఇదీ కథ. ఏడిపించే వేషానికి నలుగురు పోటీపడ్డారు. ఆ అమ్మాయి వేషం మాత్రం ఎవరికీ వద్దట. "రేపట్నించి మమ్మల్నీ నత్తి అనే పిలుస్తారండీ" అన్నారు. నిజమే, పేరు అంటుకుంటే ఓ పట్టాన వదలదు.

బ్రెజిల్ నాటకకర్త ఆగస్టో బోల్ 1970ల్లో రూపొందించిన పద్ధతి ఒకటుంది. అన్యాయం జరిగే ఘట్టం ఒకసారి ఆడతారు. మళ్లీ మొదలెట్టాక చూసేవాళ్లలో ఎవరైనా "ఆగండి" అని లేచి, బాధపడే పాత్రలోకి వెళ్లి తమకు తోచిన దారి ప్రయత్నించవచ్చు. అంటే ఆ వేషం ఏ ఒక్కరిదీ కాదన్నమాట. మొదట నేనే కట్టాను.

ఒకబ్బాయి వచ్చి చెయ్యెత్తాడు. గొడవ ముదిరింది. ఒకమ్మాయి మాస్టారికి చెప్పింది. "చాడీలు" అన్నారు. ఎనిమిదేళ్ల పిల్ల మాత్రం ఏడిపించేవాళ్లని వదిలేసి చుట్టూ నవ్వుతున్నవాళ్ల దగ్గరికెళ్లింది. "నువ్వెందుకు నవ్వావు? నువ్వో?" అని ఒక్కొక్కర్నీ అడిగింది. ఒక్కరూ నోరు మెదపలేదు. నాకైతే ఒళ్లు జలదరించింది.

మీరూ వేయిస్తే, పిల్లల అసలు ముద్దుపేర్లు, వెక్కిరింపు పేర్లు నాటికలోకి రానీయకండి. ఎవరికి జరిగిందో చెప్పమని నలుగురిలో నిలదీయకండి.

మర్నాడు ఓ తల్లి వచ్చింది. "మావాడు రాత్రంతా ఒకటే ప్రశ్న వదినా, నవ్వకుండా ఊరుకుంటే చాలా, ఏమైనా అనాలా అని" అంది. సాయంత్రం వాణ్ణి పంపమన్నాను, ఆడి చూద్దామని.