తప్పు చేతిదా, మీటదా?

మొన్నమొన్నటి వఱకు మా యింటికి క్రొత్తగా వచ్చినవారెవరైనను ముందుగదిలో ఫ్యాను వేసికొనవలెనని లేచినప్పుడెల్ల నాకు కొంచెము సిగ్గు కలుగుచుండెడిది. తలుపు ప్రక్కనున్న స్విచ్చిబోర్డు మీద 8 మీటలుండెడివి. ఎనిమిదియు తెల్లనివి, ఎనిమిదింటికిని ఒకటే పరిమాణము, ఒకటే యాకారము. వచ్చినవారు మొదటి మీటను నొక్కుదురు. వసారాలో దీపము వెలుగును. రెండవదానిని నొక్కుదురు; ఏమియు జరుగదు. మూడవదానిని నొక్కుదురు, అంతవఱకు గదిలో వెలుగుచున్న దీపము ఆఱిపోవును. అయిదవదియో ఆఱవదియో నొక్కిన పిదప ఎట్టకేలకు ఫ్యాను తిరుగును. అప్పుడు వారు మావైపు తిరిగి, "క్షమించండి, నాకు తెలియలేదు" అందురు. మేమును నవ్వి, "ఫరవాలేదు" అందుము.

నేడు నేను మనవి చేయబోవునది ఆ క్షమాపణను గూర్చియే. ఆ పెద్దమనిషి చేసిన అపరాధమేమి? బోర్డు బిగించిననాడు పనివాని చేతికి ఏ తీగ ముందుగా వచ్చెనో ఆ తీగ మొదటి మీటకు కలిసినది. తరువాత వచ్చినది రెండవ దానికి కలిసినది. అంతకు మించి ఆ వరుసలో నియమమేదియు లేదు. ఏ మీట దేనికి సంబంధించినదో బోర్డు మీద ఎచ్చటను వ్రాసిలేదు. ఊహించుటకు ఆధారమును లేదు. బోర్డు చెప్పని సంగతి తనకు తెలియలేదని మనిషి సిగ్గుపడుచున్నాడు! వస్తువు చేసిన తప్పును మనిషి తన నెత్తిన వేసికొనుచున్నాడు.

ఇది నవ్వుతో ముగిసిపోవు విషయమైనచో దీనిని గూర్చి ప్రసంగింప నక్కఱలేదు. కాని యన్నివేళల అట్లు ముగియదు. మా పెద్దమ్మ డెబ్బది యేండ్లు దాటిన మనిషి. పల్లెటూర కట్టెపొయ్యి మీద నలువదియేండ్లు వంటచేసి, పెండ్లిండ్లకు వచ్చిన బంధువులందఱికిని అన్నము వార్చిన చేయి ఆమెది. ఆమె మాయింటికి వచ్చి యుండగా ఒకనాటి యుదయమున మా నాలుగు బర్నరుల గ్యాసుపొయ్యి మీద ముందు ప్రక్క పప్పును, దాని వెనుక పాలను పెట్టెను. పాలు పొంగుచుండుట చూచి మంట తగ్గింపబోయి ఒక మీటను త్రిప్పెను. తగ్గినది పప్పు క్రింది మంట. పాలు పొంగి బర్నరు మీద పడి దాని మంటను ఆర్పివేసెను. మంట ఆఱినను మీట తెఱచియే యున్నది గనుక గ్యాసు వెలువడుచునే యుండెను. వాసన తగిలి నా భార్య పరుగున వచ్చి సిలిండరు రెగ్యులేటరును కట్టివేసి, కిటికీలు తెఱచినది. దైవానుగ్రహమున ప్రమాదమేమియు జరుగలేదు. కాని పెద్దమ్మ గోడ కానుకొని, "నాకు మతి పోతోందిరా, ఇంక నేను పొయ్యి జోలికి రాను" అనెను. అన్నట్లుగనే ఆనాటినుండి తన కాఫీకి సైతము మఱియొకరు లేచువఱకు కాచుకొని కూర్చుండ మొదలిడెను.

ఆమె మతిని గూర్చి నాకును సందేహము కలిగిన మాట దాచను. తరువాత ఒక సాయంకాలము ఆ పొయ్యి ముందు నిలిచి చూచితిని. బర్నరులు నాలుగును చదరపు పలక నాలుగు మూలల నున్నవి. వాని మీటలు నాలుగును ముందు ప్రక్క ఒకే వరుసలో నున్నవి. ఎడమనున్న రెండు మీటలు ఎడమ ప్రక్క బర్నరులవని తలంతము. వానిలో ముందుదాని మీట యేది, వెనుకదాని మీట యేది? చూచి చెప్పుట యెవరి తరమును కాదు. నాలుగు మీటలను నాలుగు బర్నరులకు 24 విధములుగా కలుపవచ్చును; ఇంటికొక విధమైనను అడుగువారు లేరు. ప్రతి మీట దగ్గఱను నాలుగు చుక్కల చిన్న గుఱుతు కలదు. దానిని చూచుటకు నడుము వంచి కండ్లజోడు సవరించుకొనవలెను. పొంగుచున్న పాలు అంతవఱకు ఆగవు.

ఈ పొయ్యిని శాస్త్రజ్ఞులు పరీక్షించియే యున్నారు. అమెరికాలో ఆల్ఫాన్స్ చాపానిస్, లిండెన్‌బామ్ అను నిరువురు 1959లో నాలుగు విధముల అమరికలను జనుల చేతికిచ్చి, వారెన్నిమార్లు తప్పు మీటను పట్టుకొనిరో లెక్కించిరి. ఒక అమరికలో వెనుక బర్నరులు ముందువాని వెనుక సూటిగా నుండక కొంచెము ప్రక్కకు జరిగి యుండెను. ఎడమనుండి కుడికి చూచినచో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరుస తెలియును. మీటలదియు అదే వరుస. ఆ యమరికలో తప్పు ఒక్కటియు జరుగలేదు. మిగిలిన మూడింటను జరిగెను. వ్రాత అక్కఱలేదు, శిక్షణ అక్కఱలేదు. బర్నరును కొన్ని అంగుళములు జరిపిన చాలును. ఇది తెలిసి అఱువదియేండ్లు దాటినను అంగళ్లలో ఇప్పటికిని చదరపు పొయ్యిలే కానవచ్చుచున్నవి.

ఇందులో మఱియొక చిత్రము కలదు. ఆనాడు మమ్ము కాపాడిన వాసన గ్యాసునకు సహజమైనది కాదు. వంటగ్యాసునకు స్వతస్సిద్ధముగా వాసన లేదు. అది కారిపోవుచున్నప్పుడు మనకు తెలియవలెనని మెర్కాప్టాన్ అను దుర్వాసన ద్రవ్యమును కావలెననియే అందులో కలుపుదురు. మనిషి ఏమఱవచ్చునని ముందే తలంచిన బుద్ధి ఆ వాసనలో నున్నది. అదే బుద్ధి మీటల వఱకు ఎందులకు రాలేదో!

ఈ చాపానిస్ అంతకు ముందే, యుద్ధకాలమున, ఇట్టి చిక్కునే విప్పినవాడు. రెండవ ప్రపంచ యుద్ధమునందు బి-17 అను బాంబరు విమానములు కొన్ని క్షేమముగా నేలకు దిగి, పిమ్మట పొట్టమీద కూలబడుచుండెడివి. చోదకుడు రెక్కల కంటియుండు ఫ్లాపులను ముడువబోయి చక్రములను ముడిచివేయుచుండెను. "చోదకుని పొరపాటు" అని వ్రాసికొనుట అప్పటి మర్యాద. 1943లో చాపానిస్ చోదకుని మాట విడిచి, అతడు పట్టుకొను మీటలను పరిశీలించెను. రెండు మీటలును ప్రక్కప్రక్కనే యున్నవి. రెండును ఒకే తీరుగ నున్నవి. చక్రముల మీటకు చిన్న రబ్బరు చక్రమును, ఫ్లాపుల మీటకు రెక్కవంటి ముక్కను తగిలింపుడని అతడు సూచించెను. ఇంక చీకటిలోనైనను వ్రేళ్లే గుఱుతుపట్టును. నేటికిని విమానములలో చక్రముల మీట కొన చక్రాకారముననే యుండును. 1947లో ఫిట్స్, జోన్స్ అను పండితులు చోదకుల పొరపాట్లని పేరుపడిన 460 అనుభవములను విమర్శించి చూడగా, ఒక మీటకు బదులు వేఱొక మీటను పట్టుకొనుటయే వానిలో దాదాపు సగమని తేలినది.

"నాలుగు నాళ్లు వాడిన అలవాటు కాదా?" అని కొందఱడుగుదురు. ఆ విమానచోదకులు నెలల తరబడి అలవాటు చేసికొన్నవారే! నెమ్మదిగా నున్నప్పుడు అలవాటు తోడ్పడును. తొందరలో, చీకటిలో, అలసటలో, ముసలితనములో అది చేయి విడుచును. మఱియు అలవాటునకు నియమ మొకటి కావలెను. మన దేశమున స్విచ్చిని క్రిందికి నొక్కిన దీపము వెలుగును. అమెరికాలో పైకి లేపిన వెలుగును. అచ్చటికి వెళ్లిన మనవారు మొదటి వారము తడుముకొందురు, తరువాత సరిపోవును. దేశమంతట నియమ మొక్కటియే గనుక ఒక యింట నేర్చినది వేఱొక యింట పనికివచ్చును. బోర్డు మీది వరుసకు అట్టి నియమము లేదు. నియమము లేని చోట నేర్చుటకేమున్నది?

ఇటీవల మీటలే మాయమగుచున్నవి. పొయ్యి మీదను, కారులోను నున్నని గాజుపలక వచ్చినది. చూపునకు అందముగ నున్నది. కాని వ్రేలికి ఏమియు చెప్పదు. తడిచేతి మాట తఱచు వినదు. చూపులేని వారు తమ వంటయింటిలోనే పరాయివారగుదురు. సముద్రము మీద దీని ఫలము ఘోరమైనది. 2017 ఆగస్టు 21వ తేదీని సింగపూరు సమీపమున అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెక్‌కెయిన్ ఒక చమురు ఓడతో ఢీకొనగా 10 మంది నావికులు మరణించిరి. గాజుతెఱమీద చుక్కాని అధికారము ఒక స్థానమునుండి వేఱొక స్థానమునకు మాఱిపోయినది. చుక్కాని పట్టినవాడు అది చెడిపోయినదని భ్రమపడెను. విచారణలో శిక్షణ కొఱతతో పాటు ఆ తెఱ అమరికయు కారణమని తేలెను. 2019లో ఆ నౌకాదళము అట్టి నౌకలకు మఱల చేతితో పట్టుకొను మీటలనే అమర్చ నిశ్చయించెను.

ఏ మీట దేనిదో తెలియకపోవుట మొదటి లోపము. చేసిన పని జరిగినదో లేదో తెలియకపోవుట రెండవది. 1979 మార్చి 28వ తేదీని పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్కేంద్రమున ఆవిరిపీడనము తగ్గించు కవాటమొకటి తెఱచుకొని, మఱల మూసికొనక చిక్కుకొనెను. పనివారి యెదుటి దీపము మాత్రము ఆఱిపోయెను. అది ఆఱినచో కవాటము మూసికొన్నదని వారు తలంచిరి. నిజమునకు ఆ దీపము చెప్పినది "మూసికొనుమని ఆజ్ఞ వెళ్లినది" అని మాత్రమే, మూసికొన్నదని కాదు. రెండు గంటలకు పైగా నీరు వెలికిపోయి, లోపలి యింధనములో కొంత కరగిపోయెను. ఉత్తరము డబ్బాలో వేయుట వేఱు, అది చేరుట వేఱు. ఈ భేదమును చక్కగ నెఱిగిన వస్తువు మన అంగళ్లలోనే యున్నది. ఫోనుతో సొమ్ము చెల్లించునప్పుడు కొనువాని ఫోను ఏమి చూపినను, అమ్మువాని బల్లమీది చిన్నపెట్టె తన ఖాతాకు సొమ్ము చేరిన పిదపనే ఇన్ని రూపాయలు వచ్చినవని తెలుగులో బిగ్గఱగా పలుకును. చదువురాని కూరగాయల అమ్మకు సైతము దానితో సందేహము లేదు.

మూడవ లోపము, మనిషి మఱపును క్షమింపకపోవుట. బ్యాంకు వారి ఏటీఎమ్ యంత్రములలో కొన్ని మొదట సొమ్మునిచ్చి, తరువాత కార్డును తిరిగి యిచ్చెడివి. వచ్చిన పని సొమ్ముకొఱకు. సొమ్ము చేతికి రాగానే పని ముగిసినదని మనస్సు నిశ్చయించుకొనును. కార్డు అచ్చటనే యుండిపోవును. జాగ్రత్త, జాగ్రత్త యని గోడమీద ఎన్ని వ్రాసినను ఈ మఱపు పోదు. వరుసను మార్చి, కార్డు తీసికొన్న పిదపనే సొమ్ము వచ్చునట్లు చేసిన యంత్రముల దగ్గఱ మఱచుటకు ఎడమే లేదు.

ఇన్ని తెలిసియు వస్తువు లిట్లెందుకు తయారగుచున్నవి? చేసినవానికి తన వస్తువు కరతలామలకము. తెలియనివాని అవస్థ వానికి తోచదు. కొనువాడొకడు, వాడువారు వేఱొకరు. మా పొయ్యిని అందము చూచి కొన్నది నేను, దానితో పోరాడినది పెద్దమ్మ. అన్నిటికంటె మించినది మన క్షమాపణ. తప్పు తనదేయని ప్రతివాడును తలవంచుచుండగా వస్తువును దిద్దవలెనని చేసినవానికి ఎవరు చెప్పుదురు?

కావున శ్రోతలకు నా మనవి. ఏ వస్తువు కొన్నను అంగడిలోనే ఒకమారు ఎవరును చెప్పకుండ వాడి చూడుడు. ఇంటిలో దానిని వాడువారిచేత వాడించి చూడుడు. విద్యుత్తు పనివాడు బోర్డు బిగించునాడు ప్రక్కనే నిలువుడు. గది ఎడమ ప్రక్క దీపమునకు ఎడమ మీటయు, కుడి ప్రక్క దానికి కుడి మీటయు, ఫ్యాను మీట దాని రెగ్యులేటరు ప్రక్కనే యుండునట్లును అడుగుడు. తీగ కలుపువానికి ఇది కొద్ది నిమిషముల పని. మీకు అనేక సంవత్సరముల సుఖము. మా ముందుగది బోర్డును అట్లు మార్పించితిని. పొయ్యిని మార్చలేదు, వెనుక బర్నరుల మీటలు రెండింటికిని ఎఱ్ఱరంగు మాత్రము పూసి, "పెద్దమ్మా, ఎఱ్ఱవి వెనుకవి" అని చెప్పితిని. ఆమె కొంతసేపు చూచి, "ఈ మాట ముందే చెప్పకపోయావా, నాకే ఏదో అయిందనుకున్నాను" అనెను. మఱునాటి యుదయమున నేను లేచునప్పటికి కాఫీ వాసన వచ్చుచుండెను.