ఊరు అందంగా మారితే వాడకు ఏం దక్కుతుంది?

2021 డిసెంబరు 2న మాడ్రిడ్‌లో భూదాన్ పోచంపల్లికి ఉత్తమ పర్యాటక గ్రామం పురస్కారం దక్కింది. ప్రపంచ పర్యాటక సంస్థ ఆ ఏడాది 32 దేశాల నుంచి ఎంచిన 44 ఊళ్లలో అదొకటి. ఇక్కత్ నేతకు, ఆ నేతన్నల పనితనానికి దక్కిన గౌరవమది. దాన్ని మేమూ గౌరవిస్తాం.

అయితే ఆ ఊరి పేరులో ఉన్న 'భూదాన్' మాట ఎలా వచ్చిందో ఒకసారి గుర్తుచేసుకోవాలి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చినప్పుడు, అక్కడి దళితవాడలోని 40 కుటుంబాలు బతకడానికి 80 ఎకరాల భూమి కావాలని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకొచ్చారు. భూదానోద్యమం అలా మొదలైంది. ఈ కథ చెప్పేటప్పుడు ఇచ్చినవారి గురించి, ఇప్పించినవారి గురించి వివరంగా చెబుతారు. అడిగినవాళ్లు మాత్రం ఒక్క వాక్యంలో అయిపోతారు. నిజానికి వాళ్లు అడగకపోతే ఆ కథే లేదు.

గ్రామీణ పర్యాటకం గురించి మాట్లాడేటప్పుడు మేం ఇక్కడి నుంచే మొదలుపెడతాం. ఊరికి కొత్త రూపు ఇస్తామన్నప్పుడు, ఆ రూపులో వాడ ఎక్కడుంది?

ల్యాండ్‌స్కేప్ డిజైన్ అంటే పూలమొక్కలు, రంగులు వేసిన గోడలు మాత్రమే కాదు. నీళ్లు ఎటు పారాలి, దారి ఎక్కడిదాకా పోవాలి, ఉమ్మడి నేల ఎవరు వాడుకోవాలి అన్నవి తేల్చే పని. మన ఊళ్లకు పాత డిజైన్ ఒకటి ఇప్పటికే ఉంది. దాన్ని గీసింది కులం. ఊరు ఒకచోట, వాడ ఇంకోచోట. బావులు వేరు, శ్మశానాలు వేరు. ఈ పాత గీతల్ని చెరపకుండా వాటి మీదే కొత్త రాళ్లు పరిస్తే, ఆ ఎడం మరింత గట్టిపడుతుంది.

చెరువునే తీసుకుందాం. పర్యాటకులకు చూపించడానికి ముందుగా బాగుపడేది చెరువు కట్టే. కట్ట మీద నడకదారి, బెంచీలు, దీపాలు వస్తాయి. కానీ నీళ్లు తగ్గినప్పుడు శిఖం నేలలో పంట వేసుకునేవాళ్లు, గట్ల మీద పశువులు మేపుకునేవాళ్లు ఎక్కువగా భూమిలేని పేదలే. తూము తీసి, కట్టి, పొలాలకు నీళ్లు పంచిన నీరటి పని చాలాచోట్ల దళితులే చేశారు. పట్టా లేదు కాబట్టి వీళ్లందరూ నక్షాలో కనిపించరు. సుందరీకరణ పేరుతో కంచె పడితే వాళ్లను 'ఆక్రమణదారులు' అనడం సులువు.

ఇక హోమ్‌స్టే. అతిథిని పెట్టుకోవాలంటే అదనపు గది, మరుగుదొడ్డి, పెట్టుబడి ఉండాలి. ఇవి ఉన్నవాళ్లకే పర్యాటక ఆదాయం ముందుగా చేరుతుంది. గది కట్టుకున్నా, దళితుల ఇంట్లో వండిన అన్నం తినడానికి వచ్చే అతిథి ఎంతమంది అన్న ప్రశ్న ఉండనే ఉంది. వాడకు మిగిలేది ఊడ్చే పని, వచ్చినవాళ్ల ముందు డప్పు కొట్టే పని అయితే, పాత వెట్టికి కొత్త బోర్డు తగిలించినట్టే.

వేరే దారి లేకపోలేదు. కేరళలోని కుమరకోమ్‌లో 2008లో మొదలైన బాధ్యతాయుత పర్యాటకం, హోటళ్లు వాడే కూరగాయల్ని కుటుంబశ్రీ మహిళా బృందాల నుంచి కొనేలా ఏర్పాటు చేసింది. అదనపు గది లేనివాళ్లకూ ఆదాయం చేరే పద్ధతి ఇది. అయితే కూరగాయలు పండించడానికి కాస్త నేల కావాలి. మళ్లీ భూమి దగ్గరికే వచ్చాం.

చట్టం మన పక్షాన ఉంది. రాజ్యాంగంలోని 15(2) అధికరణం హోటళ్లలోనూ, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల వాడకంలోనూ కుల వివక్షను నిషేధించింది. పర్యాటక ప్రాజెక్టు ముట్టుకునేవన్నీ దాదాపు ఈ జాబితాలోనే ఉన్నాయి. ఉమ్మడి వనరులు, శ్మశానం, దారి వాడుకోనివ్వకుండా ఎస్సీ, ఎస్టీలను అడ్డుకోవడం 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం అట్రాసిటీ నేరం. ఎస్సీల నిధుల కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2013 నాటి ఉపప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి.

కాబట్టి మీ ఊరికి ఇలాంటి ప్రాజెక్టు వస్తే గ్రామసభలో నిలబడి ఈ ప్రశ్నలు అడగండి. నక్షాలో వాడ ఉందా? కొత్త రోడ్డు, మురుగు కాలువ వాడ చివరి ఇంటిదాకా వస్తాయా? శిఖం నేల, మేత నేల ఇప్పుడు ఎవరు వాడుకుంటున్నారో ముందే రాసిపెట్టారా? దుకాణాల కేటాయింపులో, నిర్వహణ కమిటీలో దళిత మహిళలకు చోటుందా? ఎస్సీ నిధులు వాడుతుంటే, వాటితో ఎస్సీలకు ఏం వస్తోంది? జవాబులు నోటిమాటగా కాదు, తీర్మానం పుస్తకంలో రాయించండి.

ఊరు పచ్చగా ఉండాలని మేమూ కోరుకుంటాం. వలస పోయిన పిల్లలు తిరిగి రావాలని మా వాడలూ ఎదురుచూస్తున్నాయి. కానీ 1951లో పోచంపల్లి దళితులు అడిగింది ఊరికి అందం కాదు, తమకు 80 ఎకరాలు. ఏ డిజైన్ అయినా ఆ అడిగినదానికి ఏం జవాబు చెబుతోందన్నదే మా కొలత.