గడ్డ కరిగిందా కాదు, నిప్పు ఆరిందా అడగాలె

రెండు కీమోలకే మెడ మీది గడ్డ చేతికి తగలకుంట పోయింది, ఇగ నయమైందని దవాఖాన మానేసినోళ్లను చూసిన. చికిత్స అంతా అయినంక చిన్న గడ్డ మిగిలిందని ఆగమై, పొలం అమ్మి ఇంకో దవాఖానకు ఉరికినోళ్లనూ చూసిన. ఇద్దరూ గడ్డ సైజునే నమ్మిండ్రు. మోసం ఆడనే ఉన్నది.

లింఫోమా అంటే ఒంట్లె రోగాలతోని కొట్లాడే లింఫ్ కణాలకు వచ్చే క్యాన్సర్. మెడల, చంకల, గజ్జల నొప్పి లేని గడ్డలు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గుడు – టీబీ కూడా గిట్లనే ఉంటది. ఏదన్నది తేల్చేది స్కాన్ కాదు, ముక్క తీసి చేసే బయాప్సీ.

రోగం తేలినంక మళ్ల పెట్-సీటీ ఎందుకు? సీటీ బూడిద కుప్ప ఎంతుందో చూపిస్తది. పెట్ ఆ బూడిద కింద నిప్పు ఉన్నదా లేదా చూపిస్తది. క్యాన్సర్ కణాలు చక్కెరను ఆబగా తింటయి. అందుకే గ్లూకోజ్ లాంటి మందుకు రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించి నరానికి ఎక్కిస్తరు. గంటసేపు పండుకోబెట్టి స్కాన్ తీస్తరు. మందు ఎక్కువ చేరిన జాగ వెలుగుతది. దాని బలం 110 నిమిషాలకు సగమైతది. అందుకే చెప్పిన టైముకు పోవాలె, కడుపు ఖాళీగ పోవాలె. షుగర్ ఉంటే ముందే చెప్పాలె.

మొదటి స్కాన్ రోగం ఎంత దూరం పాకిందో చెప్తది. 1 నుంచి 4 దాకా స్టేజీలు. ఎన్ని కీమోలు, రేడియేషన్ కావాల్నా అన్న లెక్కకు స్టేజీ ముఖ్యం.

చికిత్స నడుమ, అయినంక తీసే స్కాన్‌ల 'డోవిల్ స్కోర్' అని రాస్తరు. ఫ్రాన్స్‌ల డోవిల్ అనే ఊర్లె 2009ల డాక్టర్లు కూసొని పెట్టిన లెక్క ఇది. గడ్డ వెలుగును ఛాతిల రక్తం వెలుగుతోని, కాలేయం వెలుగుతోని పోల్చి 1 నుంచి 5 దాకా వేస్తరు. బడి మార్కులకు ఉల్టా: తక్కువొస్తేనే మంచిది. 1, 2 వస్తే నిప్పు ఆరినట్టే. 3 కూడా చానాసార్లు మంచిదే. అప్పుడు గడ్డ మిగిలినా అది మచ్చ కావచ్చు. 4, 5 వస్తే అనుమానం. అయినా కొంప మునిగినట్టు కాదు. ఇన్ఫెక్షన్, వాపు, టీబీ కూడా వెలుగుతయి. అందుకే ఆఖరి కీమో అయినంక 6 నుంచి 8 వారాలు, రేడియేషన్ అయితే మూడు నెలల దాకా ఆగి తీస్తరు. అనుమానం తీరకుంటే మళ్ల బయాప్సీనే. కొన్ని రకాల లింఫోమా చక్కెర అంతగ తినయి, వాటికి సీటీనే చాలు.

ఈ మిషన్లు ఎక్కువ పెద్ద పట్నాలల్లనే ఉన్నయి. పేదోనికి స్కాన్ ఖర్చు ఒకటైతే, దారి ఖర్చు, పోయిన కూలి ఇంకోటి. జిల్లాకు దగ్గర్ల సర్కారు మిషన్ కావాలని అడుగుడు మన హక్కు.

అందాక ఒక్క పని చెయ్యుండ్రి తమ్మీ. మొదటి స్కాన్ సీడీని, రిపోర్టును పట్టాదారు పాసుబుక్కు లెక్క దాచుండ్రి. ముందటిది లేకుంటే తర్వాతిదాన్ని దేనితోని పోలుస్తరు?