దురదకు పథ్యమెంతవరకు?

స్వాతంత్ర్యానంతరం కేంద్ర ప్రభుత్వోద్యోగుల నివాసార్థం ఢిల్లీలో నిర్మించబడిన కాలనీలలో రామకృష్ణపురం ఒకటి. ఆర్.కె. పురంగా అందరికీ తెలిసిన ఆ సెక్టార్లలో దేశం నలుమూలల నుండి బదిలీపై వచ్చిన కుటుంబాలతోబాటు తెలుగు కుటుంబాలు కూడ ఉన్నాయి. కృష్ణా గోదావరీ తీరాల తేమగాలికి అలవాటుపడిన చర్మానికి ఢిల్లీ ఒక పరీక్ష. మే నెలలో వడగాలి, జనవరిలో ఒళ్లు పగిలించే చలి. మోచేతి మడతలలో, మోకాళ్ల వెనుక బిడ్డ చర్మం ఎర్రబారి, గరుకెక్కి, రాత్రంతా దురద పెట్టడం మొదలైతే, తెలుగు ఇంట మొదట వినబడే మాట 'పథ్యం'. వంకాయ మానాలి, గోంగూర మానాలి, చేప, గుడ్డు మానాలి. ఒక్కొక్కప్పుడు పాలు, పప్పు కూడ మానాలి. ఎదిగే బిడ్డ కంచం రోజురోజుకూ ఖాళీ అవుతుంది. దురద మాత్రం తగ్గదు.

ఈ పథ్యం ఎంతవరకు అవసరం? ఆహారానికీ, జీవన విధానానికీ, శరీర రక్షణశక్తికీ ఎక్జీమాతో గల సంబంధమేమిటి? గడచిన కొన్ని దశాబ్దాల పరిశోధనలు ఈ ప్రశ్నలకు చాలవరకు సమాధానం చెప్పాయి.

మొదట ఒక పొరపాటును తొలగించుకోవాలి. మన వాడుకలో ఎక్జీమాను తామర అనడం కద్దు. కాని నిజమైన తామర బూజుజాతి సూక్ష్మజీవి వలన కలిగేది. ఒకరి నుండి మరొకరికి అంటుకొంటుంది. ఎక్జీమా అంటువ్యాధి కాదు. ఒకదానికి వాడే స్టెరాయిడ్ లేపనాన్ని మరొకదానిపై పూస్తే తామర లోలోపల విస్తరిస్తుంది. అందుచేత వైద్యుడు చూచి నిర్ణయించనిదే మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొన్న లేపనం పూయరాదు.

'ఎలర్జీ' అనే పదాన్ని 1906లో సృష్టించినవాడు వియన్నాకు చెందిన శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే. శరీరం ఒక పదార్థానికి అసాధారణమైన రీతిలో స్పందించడాన్ని సూచించడానికి ఆయన ఈ మాట వాడాడు. అరవై సంవత్సరాల తరువాత, 1966 ప్రాంతంలో, అమెరికాలో పనిచేస్తున్న జపాను శాస్త్రజ్ఞులు ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ వేర్వేరుగా ఈ స్పందనకు కారణమైన ప్రతిరక్షకాన్ని గుర్తించారు. దానినే ఇప్పుడు ఐ.జి.ఇ. అంటున్నారు.

ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయమొకటున్నది. ఎలర్జీ గలవారి రక్షణశక్తి బలహీనమైనది కాదు. అది హాని చేయని పుప్పొడిని, గుడ్డులోని మాంసకృత్తును శత్రువుగా భ్రమించి పోరాడుతుంది. అటువంటి అనవసరపు పోరాటాలను అదుపులో ఉంచే ప్రత్యేక కణాలు శరీరంలో ఉన్నాయి. ఆ కణాలను గూర్చిన పరిశోధనలకే 2025లో షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనే ముగ్గురికి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ కణాలు పుట్టుకతోనే లోపించిన అరుదైన వ్యాధిలో పసిబిడ్డలకు తీవ్రమైన ఎక్జీమా కూడ కనబడుతుంది. కనుక 'రోగనిరోధకశక్తిని పెంచుతాము' అని ప్రకటించే టానిక్కులతో ఎలర్జీ నయమవుతుందని ఆశించడం వృథా. ఇక్కడ కావలసినది అధిక బలం కాదు, అదుపు.

మరి ఎక్జీమాకు మూలం ఎక్కడున్నది? 2006లో స్కాట్లండుకు చెందిన డండీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, వారి సహచరులు ఒక ముఖ్యమైన ఆధారాన్ని కనుగొన్నారు. చర్మపు పైపొరను బిగువుగా నిలిపే 'ఫిలాగ్రిన్' అనే మాంసకృత్తును తయారుచేసే జన్యువులో లోపమున్నవారికి ఎక్జీమా వచ్చే అవకాశం చాల ఎక్కువని తేలింది. ఇటుకల నడుమ సున్నం రాలిపోయిన గోడవలె అటువంటి చర్మంలో నుండి తేమ బయటికి పోతుంది. ధూళి, పుప్పొడి లోపలికి చొరబడతాయి. ఎక్జీమా గల వారందరికీ ఈ జన్యులోపం ఉండదు. ఐనప్పటికీ చర్మకవచం సడలడం మాత్రం ఈ వ్యాధిలో సామాన్య లక్షణం.

ఆహారాన్ని గూర్చిన ఆలోచన కూడ దీనితో మారిపోయింది. ఒక పదార్థం నోటి ద్వారా లోపలికి వెళితే శరీరం దానిని ఓర్చుకోవడం నేర్చుకొంటుందనీ, పగిలిన చర్మం ద్వారా ప్రవేశిస్తే శత్రువుగా గుర్తు పెట్టుకొంటుందనీ లండనులోని శిశువైద్యుడు గిడియన్ లాక్ ప్రతిపాదించాడు. 2015లో ఆయన బృందం ప్రకటించిన పరిశోధన ఇందుకు బలమిచ్చింది. తీవ్రమైన ఎక్జీమాగాని, గుడ్డు ఎలర్జీగాని గల 640 మంది పసిపిల్లలను రెండు భాగాలుగా చేసి, ఒక భాగానికి వేరుశనగను పూర్తిగా మాన్పించారు, రెండవ భాగానికి క్రమంగా తినిపించారు. మొదట చర్మపరీక్షలో వేరుశనగకు స్పందన లేని పిల్లలను ఐదేండ్ల వయసులో చూడగా, మానినవారిలో 13.7 శాతానికి, తిన్నవారిలో 1.9 శాతానికి మాత్రమే వేరుశనగ ఎలర్జీ ఏర్పడింది. ముందుజాగ్రత్త అనుకొన్న పథ్యమే ముప్పు తెచ్చిందన్నమాట.

ఐతే ఆహారానికి పాత్రే లేదనరాదు. ఒక మోస్తరు నుండి తీవ్రమైన ఎక్జీమా గల పిల్లలలో సుమారు మూడవ వంతుకు ఏదో ఒక ఆహారం సరిపడకపోవచ్చు. పాలు, గుడ్డు, గోధుమ, సోయా, వేరుశనగ, చేప ఇందులో ముఖ్యమైనవి. ఒక పదార్థం తిన్న కొద్ది నిముషాలలో, లేదా గంట రెండు గంటలలోపల పెదవులు వాచడం, ఒంటిపై దద్దుర్లు లేవడం, వాంతి కావడం జరిగితే దానిని మాని వైద్యుని సంప్రదించాలి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. కాని రక్తపరీక్షలో ఐ.జి.ఇ. ఉన్నంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్లు కాదు. పరీక్షాఫలితాల పట్టికలో పేరు కనబడిన ప్రతి పదార్థాన్నీ మాన్పిస్తే బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది; అంతవరకు ఓర్చుకొన్న ఆహారానికి కొత్తగా ఎలర్జీ ఏర్పడే ప్రమాదం కూడ ఉన్నది.

కంచంలో దొరకని కారణం తరచు గాలిలో దొరుకుతుంది. ఆర్.కె. పురంలో ఢిల్లీ కాలుష్య నియంత్రణ కమిటీవారి గాలి పరీక్షాకేంద్రమున్నది. నవంబరు నెలలో అక్కడి సూచిక తరచు 'తీవ్రం' అనే స్థాయికి చేరుతుంది. ఆ పొగలోని సూక్ష్మకణాలు ఊపిరితిత్తులతోబాటు చర్మాన్ని కూడ రేపుతాయి. బంజరు స్థలాలలో, రైలుకట్టల వెంట పెరిగే వయ్యారిభామ మొక్క మరొక శత్రువు. ఉత్తరాదిన దీనిని గాజర్ ఘాస్ అనీ, కాంగ్రెసు గడ్డి అనీ అంటారు. 1950ల మధ్యకాలంలో పుణె వద్ద గుర్తించబడిన ఈ అమెరికా ఖండపు మొక్క క్రమంగా దేశమంతట వ్యాపించింది. ఎండిన మొక్క పొడి గాలిలో తేలివచ్చి కనురెప్పలపై, మెడపై, మోచేతి మడతలలో దురదను రేపుతుంది. ఈ వ్యాధి ముఖ్యంగా పెద్ద వయసువారిలో కనబడుతుంది. ఆర్.కె. పురానికి కొన్ని కిలోమీటర్ల దూరంలోనే ఉన్న అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ చర్మవైద్యులు దీనిపై దశాబ్దాలుగా పరిశోధనలు చేశారు. ఇటువంటి రోగి వంకాయ మానినా, గోంగూర మానినా ప్రయోజనం శూన్యం.

మారిన జీవన విధానానికి కూడ ఇందులో భాగమున్నది. 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టిన 17,414 మంది బ్రిటిష్ పిల్లల వివరాలను పరిశీలించిన డేవిడ్ స్ట్రాచన్, తోబుట్టువులు ఎక్కువగా ఉన్నవారిలో పుప్పొడి జలుబు తక్కువని 1989లో ప్రకటించాడు. బాల్యంలో వివిధ సూక్ష్మజీవులతో పరిచయం రక్షణశక్తికి చదువు వంటిదనే భావన అక్కడి నుండి బలపడింది. దీని అర్థం మురికిలో పెరగమని కాదు. మట్టిలో ఆట, పలురకాల ఆహారం, అవసరం లేని యాంటీబయాటిక్ మందులకు దూరం అని మాత్రమే.

ఇక ఇంటిలో చేయదగినవి ఖర్చు తక్కువైన పనులే. వేడి నీళ్లకు బదులు గోరువెచ్చని నీటితో స్నానాన్ని పది నిముషాలలోపల ముగించాలి. నలుగుపిండితో గట్టిగా రుద్దడం పగిలిన చర్మానికి మేలు చేయదు. తుడిచిన వెంటనే, ఒంటిపై తడి పూర్తిగా ఆరకమునుపే వాజిలీన్ వంటి లేపనం రాయాలి. కొబ్బరినూనె కూడ మంచిదే. ఉత్తరాదిన పసిబిడ్డల మర్దనకు వాడే ఆవనూనె మాత్రం చర్మపు కవచాన్ని బలహీనపరుస్తుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. ఒంటికి తగిలే బట్ట నూలుదైతే మంచిది. ఉన్ని స్వెట్టరు దానిపైన వేయాలి. నిద్రలేమి, మనోవ్యథ దురదను పెంచుతాయి; దురద మళ్లీ నిద్రను చెరుస్తుంది. ఈ వలయాన్ని తెంచడానికి వైద్యుడు స్టెరాయిడ్ లేపనం వ్రాస్తే, చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడడానికి భయపడనక్కరలేదు.

పథ్యం మన వైద్యసంప్రదాయంలో గౌరవప్రదమైన స్థానం గల మాట. హితమైనది తినడమే దాని అసలు అర్థం. అన్నీ మానడం కాదు. ఏ పదార్థం హాని చేస్తున్నదో వైద్యుని పర్యవేక్షణలో నిర్ధారించుకొని, దానిని మాత్రమే మానడం వివేకం. తక్కినదంతా బిడ్డ కంచంలోకి తిరిగి రావలసినదే.