గ్లోబల్ సిటిజన్ అంటే ఎవరు?



ఈ మధ్య పట్టణ సంఘాల్లో ఒక కొత్త రకం ప్రార్థన విన్నపం వినిపిస్తోంది. "మా అమ్మాయి స్కూలు తరఫున విదేశంలో సదస్సుకు వెళ్తోంది, వీసా రావాలని ప్రార్థించండి" అని. దేని మీద సదస్సు అని అడిగితే గ్లోబల్ సిటిజన్‌షిప్, పర్యావరణం అంటారు. ప్రార్థన ముగిశాక వెనక వరుసలో గుసగుస మొదలవుతుంది. లోకమంతటికీ ఒకే పౌరసత్వమా? ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలో చెప్పింది ఇదే కదా? మన పిల్లల్ని మనమే అటు పంపుతున్నామా? ఇలాంటి మాటలు చెప్పే వీడియోలకు వాట్సాప్‌లో కొదవ లేదు. ఆ భయంలో నిజం ఎంతో తేలాలంటే, ముందు ఆ సదస్సులు ఎక్కడ పుట్టాయో, అక్కడ పిల్లలు ఏం చేస్తారో తెలియాలి.

వీటిలో పేరున్నది రౌండ్ స్క్వేర్ అనే పాఠశాలల కూటమి. అనేక దేశాల్లో దీనికి సభ్య పాఠశాలలున్నాయి. మన దేశంలో సనావర్‌లోని లారెన్స్ స్కూలు వాటిలో ఒకటి. "గుండ్రని చతురస్రం" అనే ఈ వింత పేరు స్కాట్లాండ్‌లోని గోర్డన్‌స్టన్ పాఠశాలలో ఉన్న ఒక పాత గుండ్రటి భవనం నుంచి వచ్చింది. దాన్ని కట్టించిన జమీందారు సాతానుకు భయపడి, తనను మూలకు తరిమి పట్టుకోకుండా మూలలే లేని ఇల్లు కట్టించుకున్నాడని అక్కడివాళ్లు కథ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ పాఠశాలను స్థాపించిన మనిషి జీవితం మన ప్రశ్నకు బాగా సంబంధించినది.

ఆయన కుర్ట్ హాన్. 1886లో బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. 1920లో దక్షిణ జర్మనీలోని సాలెంలో పాఠశాల ప్రారంభించాడు. 1932లో పోటెంపా అనే ఊళ్లో నాజీ దళంవాళ్లు ఒక కార్మికుణ్ణి అతని ఇంట్లోనే, తల్లి కళ్లెదుట చంపారు. హంతకులకు హిట్లర్ బాహాటంగా మద్దతు పలికాడు. అప్పుడు హాన్ తన పూర్వ విద్యార్థులకు ఉత్తరం రాశాడు. హిట్లర్‌తో ఉంటారో సాలెంతో ఉంటారో తేల్చుకోండి, రెండూ కుదరవు అన్నది దాని సారాంశం. మరుసటి ఏడాది నాజీలు ఆయన్ని చెరలో వేశారు. విడుదలయ్యాక బ్రిటన్‌కు వెళ్లి, 1934లో గోర్డన్‌స్టన్ స్థాపించాడు. తర్వాతి కాలంలో క్రైస్తవుడై ఆంగ్లికన్ సంఘంలో చేరాడు. 1966లో ఆయన 80వ పుట్టినరోజు సందర్భంగా కలుసుకున్న ప్రధానోపాధ్యాయుల ఆలోచనే ఈ కూటమికి మొదలు.

కాబట్టి ఈ ఆలోచన ఒక నాయకుడు మనుషుల దగ్గర నుంచి సంపూర్ణ విధేయత కోరినప్పుడు కుదరదని చెప్పినవాడి దగ్గర పుట్టింది. ప్రకటన 13లోని మృగం కోరేది అటువంటి సంపూర్ణ విధేయతనే. గుసగుసలాడేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

మరి అక్కడ పిల్లలు ఏం చేస్తారు? వేదిక మీద వక్తలు మాట్లాడతారు, అది మామూలే. అసలు పని చిన్న గుంపుల్లో జరుగుతుంది. ఆ గుంపును "బరాజా" అంటారు. ఇది స్వాహిలీ మాట. మన రచ్చబండ లాంటిదే అనుకోండి. ఒకే స్కూలు పిల్లలందరూ ఒకచోట కూర్చోకుండా వేరు వేరు దేశాల పిల్లలను కలుపుతారు. చర్చను నడిపేది కూడా విద్యార్థులే. ఒక పూట సేవాకార్యక్రమం ఉంటుంది. చాలాచోట్ల కొన్ని రాత్రులు స్థానిక కుటుంబాల ఇళ్లలో బస. ఆ ఇంటివారు మన విశ్వాసం గలవారే కావాలని లేదు. మీ ఇంట్లో ఏం నమ్ముతారు అని భోజనాల దగ్గర అడిగితే పదిహేనేళ్ల పిల్ల తన మాటల్లో చెప్పగలగాలి. నన్నడిగితే, తల్లిదండ్రులు వీసా కంటే ముందు ఆలోచించాల్సింది దీని గురించి.

గ్లోబల్ సిటిజన్ అనేదానికి కార్డూ లేదు, పాస్‌పోర్టూ లేదు. పిల్ల వెళ్లేదీ వచ్చేదీ భారత పాస్‌పోర్టు మీదే. ఐక్యరాజ్య సమితి 2015లో పెట్టుకున్న 17 లక్ష్యాల్లో నాలుగోది విద్య, దానిలో 4.7 అనే అంశం కింద ఈ మాట వస్తుంది. అక్కడ దాని అర్థం, మన ఊరి గడప దాటి ఉన్నవాళ్ల పట్ల కూడా మనకు బాధ్యత ఉందని పిల్లలకు నేర్పడం. పౌలును చూడండి. తార్సువాడు, యూదుడు, పుట్టుకతో రోమా పౌరుడు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి చెరలో వేసినప్పుడు ఆ పౌరసత్వాన్ని గుర్తుచేసి, అధికారులే వచ్చి బయటికి తీసుకెళ్లాలని పట్టుబట్టాడు (అపొ. 16). అదే ఫిలిప్పీ సంఘానికి రాస్తూ మన పౌరస్థితి పరలోకంలో ఉందన్నాడు (ఫిలిప్పీ 3:20). ఆయనకు ఒకటి రెండోదాన్ని చెరిపేయలేదు.

ఇక పర్యావరణం. అది లోకస్థుల ఉద్యమం, మనకెందుకు అనేవాళ్లు ఆదికాండము 2:15 తెరవాలి. తోటలో నరునికి ఇచ్చిన పనులు రెండు: సేద్యం, కావలి. కాయడం అన్నచోట హెబ్రీలో "షామార్" అనే క్రియ ఉంది. నా తమ్మునికి నేను కావలివాడనా అని కయీను ఎదురు ప్రశ్న వేసినప్పుడు వచ్చేదీ అదే క్రియ. సంఖ్యాకాండము 6లో యాజకుడు ప్రజలను ఆశీర్వదిస్తూ దేవుడు నిన్ను కాపాడునుగాక అనేటప్పుడూ అదే. నేలను కాయడం, తమ్ముణ్ణి కాయడం, దేవుడు మనల్ని కాయడం, ఈ మూడింటికీ హెబ్రీ గ్రంథం ఒకే మాట వాడింది. నదిలోకి విషం వదిలితే దాని దిగువన నీళ్లు తాగేది తమ్ముడే కదా.

అయితే ఈ సదస్సుల్లో అన్నీ మెచ్చుకోదగ్గవే అని నేను చెప్పను. విమానమెక్కి వేల కిలోమీటర్లు వెళ్లి కర్బన ఉద్గారాల మీద చర్చించడంలో ఉన్న వింత ఆ పిల్లలకే కనిపిస్తుంది, వాళ్లలో వాళ్లే దాని మీద జోకులు వేసుకుంటారు. ఖర్చు మరో సంగతి. సంఘంలో ఒక కుటుంబం పిల్లను పంపితే పక్క కుటుంబం అప్పు చేసైనా పంపాలనుకుంటుంది. అప్పు చేసి పంపవద్దు. స్కూలు సర్టిఫికెట్ కోసం, రేపు విదేశీ యూనివర్సిటీ దరఖాస్తులో ఒక వరుస నింపడం కోసం అయితే అసలే వద్దు. అదే చర్చ ఊళ్లోని చెరువు గట్టు మీద కూర్చుని చేయవచ్చు, దానికి వీసా అక్కర్లేదు.

వెళ్లివచ్చిన పిల్లకు సంఘం ఏం చేయాలి? సాక్ష్యం చెప్పించి చప్పట్లు కొట్టి పంపేయడం మన అలవాటు. దానికి బదులు యవనస్థుల కూటంలో అరగంట ఇచ్చి, అక్కడ విన్నదానిలో మన సంఘానికి పనికొచ్చేది ఏమిటో అడగండి. జవాబు కాస్త ఇబ్బందిగా ఉండొచ్చు. 2022 జూలై 1 నుంచి మన దేశంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, అలంకరణకు వాడే థర్మోకోల్, 100 మైక్రాన్ల కంటే పలుచని పీవీసీ బ్యానర్లు నిషేధం. ఉజ్జీవ సభలకు మనం కట్టే ఫ్లెక్సీలు, ప్రేమవిందులో పంచే గ్లాసులు, క్రిస్మస్‌కు చెక్కించే థర్మోకోల్ నక్షత్రం, వీటి సంగతి ఆ పిల్ల అడిగిందంటే చట్టం గురించే అడుగుతున్నట్టు.

ప్రభురాత్రి భోజనానికి వాడే చిన్న కప్పుల గురించి కూడా అడగవచ్చు. ఆరాధన అయ్యాక అవి ఎక్కడికి పోతున్నాయో కమిటీ పెద్దలు ఈ ఆదివారమే ఒకసారి చర్చి వెనక్కి వెళ్లి చూసి రావడం మంచిది.