ఏరి వినే గొట్టం

సంత కోలాహలంలో ఒక్కరి మాటను పట్టి వినగలగడం చెవి ఒక్కదాని ప్రతిభ కాదు. రెండు చెవులకు చేరే ధ్వనుల మధ్య ఉన్న అతిస్వల్పమైన కాలభేదాన్నీ తీవ్రతాభేదాన్నీ పోల్చి, అక్కరలేని శబ్దాన్ని పక్కకు నెట్టే మెదడుది ఆ పని. మైక్రోఫోనుకు అటువంటి వెసులుబాటు లేదు కనుక, ఎదుట పాడుతున్న గొంతునూ వెనుక మొరుగుతున్న కుక్కనూ అది సమాన గౌరవంతో నమోదు చేస్తుంది. ఈ నిష్పాక్షికతను పోగొట్టి, మైకు చేత ఒక దిక్కుకే చెవి ఒగ్గించడానికి జరిగిన ప్రయత్నాలలో ఎక్కువ కాలం నిలిచింది, నేడు చేతిలో ఇమిడే రికార్డర్లకు సైతం తగిలిస్తున్న పొడవాటి గొట్టం మైకు, అనగా షాట్‌గన్ మైకు.

దాని పూర్వికులు 1930ల నాటి సినిమా, రేడియో ప్రయోగశాలలలో పుట్టారు. 1927 తరువాత చిత్రాలు మాట్లాడడం మొదలుపెట్టగానే, కెమెరా రొదను తప్పించి నటుల మాటను మాత్రమే పట్టవలసిన అవసరం తలెత్తింది. పొరకు ఒకవైపు మాత్రమే గాలి తగిలేలా కట్టిన మైకు అన్ని దిక్కుల నుంచీ ఒకేలా వింటుంది. అదే పొరను రెండు వైపులా తెరిచి ఉంచితే, పక్క నుంచి వచ్చే ధ్వని రెండు ముఖాలనూ సమానంగా నొక్కడం వల్ల పొర కదలదు, ముందు వెనుకల నుంచి వచ్చేదే వినిపిస్తుంది. అమెరికాలో ఆర్.సి.ఎ. సంస్థకు చెందిన హ్యారీ ఎఫ్. ఓల్సన్ పలుచని అల్యూమినియం రిబ్బనుతో చేసిన మైకులు ఈ సూత్రం మీదనే పనిచేశాయి. ఈ రెండు స్వభావాలనూ తగు పాళ్లలో కలిపితే వెనుక వైపు చెవిటిదైన కార్డియాయిడ్, పక్కలను మరింత తగ్గించే హైపర్‌కార్డియాయిడ్ అనే రకాలు ఏర్పడతాయి. అయితే ఈ కుటుంబానికి ఒక హద్దు ఉంది. నలుమూలల నుంచీ వచ్చి ముసిరే రొదను వీటిలో అత్యుత్తమమైనది సైతం శక్తిలో నాలుగో వంతుకు, అంటే 6 డెసిబెళ్ల మేరకు మాత్రమే తగ్గించగలదు. అంటే సర్వదిశా మైకు కంటే రెండింతల దూరంలో నిలబెట్టినా అదే ఫలితం ఇస్తుందే తప్ప అంతకు మించి కాదు.

ఈ హద్దును దాటడానికి మొదట తోచిన మార్గం ధ్వనిని పోగుచేయడం. 1930ల తొలినాళ్లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పీటర్ పాల్ కెలాగ్, ఆల్బర్ట్ బ్రాండ్ ప్రభృతులు పక్షుల కూతల కోసం పరావలయాకారపు పళ్లేన్ని వాడి, దాని నాభి వద్ద మైకును అమర్చారు. 1935లో లూయిసియానా అడవులలో నేడు దాదాపు కనుమరుగైన ఐవరీ బిల్డ్ వడ్రంగిపిట్ట గొంతు కార్నెల్ బృందానికి చిక్కింది కూడా ఇటువంటి పళ్లెంతోనే. ధ్వనిని నిజంగా పెంచి ఇచ్చే పరికరం ఇది ఒక్కటే. కాని తన వ్యాసం కంటే పొడవైన తరంగాలను పళ్లెం గుర్తించలేదు: 60 సెంటీమీటర్ల పళ్లెం సుమారు 570 హెర్ట్జ్‌లకు పైన మాత్రమే సరిగా పనిచేస్తుంది. పిట్ట కూతకు అది చాలు. మనిషి గొంతులోని గాంభీర్యం మాత్రం అందులో నిలవదు.

రెండో మార్గం అక్కరలేనిదాన్ని రద్దు చేయడం. బెల్ ప్రయోగశాలలకు చెందిన మేసన్, మార్షల్ అనే ఇద్దరు 1939లో వివరించిన మైకులో, హెచ్చుతగ్గు పొడవులున్న సన్నని గొట్టాల కట్ట ఒకే పొర దగ్గర కలుసుకునేది. తరువాతి తరం ఆ కట్టను విడిచిపెట్టి, పొడవునా చీలికలున్న ఒకే గొట్టంతో సరిపెట్టుకుంది. సూత్రం మాత్రం మారలేదు. గొట్టం చూపు ఉన్న దిశ నుంచి వచ్చే ధ్వని, మొదటి చీలికలో దూరి లోపల ప్రయాణించినా, బయట సాగి చివరి చీలికలో దూరినా, నడిచే దూరం ఒకటే కాబట్టి అంతా ఒకే తాళంలో పొరను తాకుతుంది. పక్క నుంచి వచ్చే ధ్వని అన్ని చీలికలనూ ఒకే క్షణంలో చేరుతుంది గాని, అక్కడి నుంచి పొర వరకు ఒక్కొక్క భాగం ఒక్కొక్క దూరం నడవవలసి రావడంతో, ఒకదాని ఎత్తు మరొకదాని పల్లంతో కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. భౌతికశాస్త్రంలో దీన్నే వ్యతికరణం అంటారు.

ఈ చెరుపు ఏ స్థాయి నుంచి మొదలవుతుందో గొట్టం పొడవే నిర్ణయిస్తుంది. గాలిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కనుక, చీలికలున్న భాగం 25 సెంటీమీటర్లయితే, సరిగ్గా పక్క నుంచి వచ్చే 1370 హెర్ట్జ్‌ల ధ్వని పూర్తిగా రద్దవుతుంది. దానికి బాగా దిగువన ఉన్న ధ్వనులకు గొట్టం ఉన్నా లేనట్టే, అక్కడ దాని అడుగున కూర్చున్న హైపర్‌కార్డియాయిడ్ పొర ఎంత చేయగలిగితే అంతే. పురుషుల గొంతులోని మూలస్వరం 100 నుంచి 150 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది కనుక, పక్కనున్న మాటకారిని గొట్టం మైకు నోరు మూయించదు. మాటలోని హల్లుల పదును తీసేసి, గోడ అవతలి నుంచి వినిపించే గొణుగుడుగా మారుస్తుంది. దూరదర్శినితో పోల్చి ఈ మైకు దూరపు మాటను దగ్గరకు లాగుతుందని దుకాణాలలో చెప్పే మాట ఈ కారణం చేతనే తప్పుదోవ పట్టిస్తుంది.

పొడవు పెంచితే లాభమని గ్రహించిన ఎలక్ట్రో వాయిస్ సంస్థ రెండు మీటర్లు దాటిన 643 అనే మైకును తయారుచేసింది. మోయగలిగిన పొడవున్న దాని తమ్ముడు 642కు 1963లో సినిమా అకాడమీ సాంకేతిక పురస్కారం లభించింది. జర్మనీలో ఫ్రిట్జ్ సెన్‌హైజర్ స్థాపించిన సంస్థ ఈ గొట్టానికి రేడియో పౌనఃపున్యంతో పనిచేసే కండెన్సర్‌ను జోడించింది. సాధారణ కండెన్సర్ మైకులో, స్థిరమైన విద్యుదావేశం ఉన్న రెండు పలకలలో ఒకటి కదిలితే వోల్టేజీ మారుతుంది. అక్కడ తేమ చేరితే ఆవేశం కారిపోయి చిటపటలు వినిపిస్తాయి. రేడియో పౌనఃపున్యపు విధానంలో ఆవేశాన్ని నిలిపి ఉంచవలసిన పని లేదు కనుక తేమ బాధ తక్కువ. విశాఖ నుంచి నెల్లూరు దాకా కోస్తాలో పనిచేసేవారికి ఈ తేడా చిన్నది కాదు. 25 సెంటీమీటర్ల ఎంకెహెచ్ 416, దానికి రెండింతలు దాటిన 816 ఈ వంశానివే. వ్యతికరణ గొట్టపు మైకును రూపొందించినందుకు 1987 సంవత్సరపు పురస్కారాలలో ఫ్రిట్జ్ సెన్‌హైజర్‌ను కూడా అకాడమీ గౌరవించింది. 416 మొత్తం పొడవులో ఎలక్ట్రానిక్ భాగం కూడా కలిసి ఉంటుంది కాబట్టి, పైన చెప్పిన 1370 హెర్ట్జ్‌ల హద్దు దానిలో ఇంకా పైకి జరుగుతుందన్నది కొనేవారు అరుదుగా గమనించే విషయం.

గొట్టం సంగతి ఇలా ఉండగా, దాన్ని తగిలించుకునే రికార్డరు వేరుగా ఎదిగింది. స్టెఫాన్ కుడెల్‌స్కీ 1951లో స్విట్జర్లాండులో తొలి నాగ్రాను తయారుచేయడంతో టేపు రికార్డరు భుజానికెక్కింది. 1962లో బెల్ ప్రయోగశాలల్లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ మైకులో అమర్చిన ఎలెక్ట్రెట్, అనగా ఆవేశాన్ని శాశ్వతంగా నిలుపుకునే పలుచని పొర, కండెన్సర్ మైకును చవక చేసింది. 1966లో నార్వే రేడియో కోసం నోయ్‌మన్ సంస్థ, ధ్వనిని మోసే తీగల మీదనే మైకుకు కరెంటును కూడా పంపే ఫాంటమ్ పవర్ ఏర్పాటు చేసింది. అక్కడి స్టూడియోలలో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉండడం వల్ల ఆ అంకె ప్రపంచ ప్రమాణమై కూర్చుంది. అందుచేతనే ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు పిన్నుల సాకెట్టున్న రికార్డరులో 48 వోల్టుల స్విచ్ కనిపిస్తుంది. సన్నని 3.5 మిల్లీమీటర్ల సాకెట్టు మాత్రమే ఉన్న చిన్న రికార్డర్లు కొద్దిపాటి వోల్టులే ఇవ్వగలవు; వాటికి 48 వోల్టులు కోరే మైకును తీగ మార్చి తగిలించినా అది మూగగానే ఉంటుంది.

కరెంటు తరువాత చూడవలసింది మైకు ఇచ్చే సంకేతపు బలం. ఒక పాస్కల్ ఒత్తిడికి 416 సుమారు 25 మిల్లీవోల్టులు ఇస్తే, వేదిక మీద వాడే మామూలు డైనమిక్ మైకు 2 మిల్లీవోల్టుల దరిదాపుల్లో ఆగుతుంది. ఈ తేడా సుమారు 22 డెసిబెళ్లు. చవక రికార్డరులో ఆ సంకేతాన్ని పెంచే ప్రీయాంప్ తనంతట తానే కొంత బుసబుస పుట్టిస్తుంది. బలమైన మైకు వస్తే వాల్యూము తక్కువలోనే ఉంచవచ్చు కనుక ఆ బుస అడుగున పడిపోతుంది, బలహీనమైన మైకును పెంచితే బుస కూడా దానితోపాటు పైకి లేస్తుంది. దిక్కులెంచే గుణం కన్నా ఈ లెక్కే చిన్న రికార్డరు యజమానికి ముందు అవసరమని చెప్పవచ్చు.

ఇక పొట్టిదా పొడుగుదా అన్నది రొద ఉన్న చోటును బట్టి తేల్చుకోవాలి. సీలింగ్ ఫ్యాను తిరిగే గదిలో మాట గోడలకు తగిలి అన్ని వైపుల నుంచీ మైకును చేరుతుంది. పక్క నుంచి వచ్చిన ఆ ప్రతిఫలనాలలో గొట్టం కొన్ని స్థాయిలను చెరిపి కొన్నింటిని వదిలేయడం వల్ల, గొంతు డబ్బాలో మాట్లాడినట్టు బోలుగా మారుతుంది. అటువంటి చోట గొట్టం లేని హైపర్‌కార్డియాయిడ్ మైకే మేలు. ఒగ్గుకథ వంటి ప్రదర్శనలో కథకుని వెనుక మోగే డోలు ప్రధానంగా మంద్రస్థాయి ధ్వని కనుక గొట్టం దాన్ని తగ్గించలేదు. హైపర్‌కార్డియాయిడ్ మైకు అతి తక్కువగా వినే దిశలు సరిగ్గా వెనుక కాక, ముందు నుంచి సుమారు 110 డిగ్రీల వద్ద ఇరువైపులా ఉంటాయి కాబట్టి, మైకును కాస్త పక్కకు జరిపి డోలు ఆ దిశలో పడేలా నిలబెట్టడం కొత్త పరికరం కొనడం కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది. ఆరుబయట కీచురాళ్ల మధ్య, లేదా దూరం తగ్గించలేని సభలో, పొడవైన గొట్టం తన విలువ చూపిస్తుంది.

ఆరుబయటకు వెళ్లే గొట్టానికి గాలి అసలు పరీక్ష పెడుతుంది. చీలికలలో దూరిన గాలి సుడులు మాటను మించిన ఒత్తిడిని పొర మీద కలిగిస్తాయి; దిశాత్మక మైకు రెండు వైపుల ఒత్తిడి తేడాను కొలుస్తుంది కనుక, సర్వదిశా మైకు కన్నా దీనికి ఆ బాధ ఎక్కువ. దానితో వచ్చే స్పాంజి తొడుగు గది లోపలికే సరిపోతుంది. వీధిలోకి, పొలంలోకి వెళ్లాలంటే మైకు చుట్టూ గాలి కదలని ఖాళీ మిగిల్చే పంజరం, దాని మీద పొడవాటి బొచ్చు తొడుగు, చేతి కదలికలు మైకుకు చేరకుండా రబ్బరు ఊయల కావలసి వస్తాయి కాబట్టి, మైకు ధరతో పాటు ఈ సరంజామా ఖర్చును కూడా మొదటే లెక్కలో వేసుకోవలసి ఉంటుంది.